కర్త లేని వాక్యాలు

ఘనపూర్,
జులై 6

లీలక్కా,

దండాలు. పోస్టాఫీసులో ఇన్లాండు కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎవరికి సార్, కోర్టుకా?" అంది. మా అక్కకు అన్నాను. "అయ్యో, ఆమెకు ఫోన్ లేదా?" అని జాలిపడింది. ఫోనుందమ్మా, అందులో నేనే లేను అని చెప్పడానికి నామోషీ అనిపించింది.

నువ్వు నన్ను బ్లాక్ చేసి నాలుగు నెలలైందట. నేను గమనించింది మాత్రం పోయిన నెలలో. అప్పటిదాకా రోజూ నేను పంపే పూలూ, సూక్తులూ, ఆరోగ్య సూత్రాలూ నువ్వు కళ్లకద్దుకుంటున్నావనే అనుకున్నాను. సంధ్య నీకు ఫోన్ చేసి అడిగితే, "వానికి నాతోని మాట్లాడే పనుంటే ఉత్తరం రాయమను. రాసేటప్పుడన్న ఆలోచిస్తడు" అన్నావట. నా భార్య ఆ మాటను నాకు చెప్పేటప్పుడు అంత సంతోషించాల్సిన అవసరం లేదు. సరే, రాస్తున్నాను.

ఇక్కడ ఒక విశేషం. మా హైస్కూల్లో ఈ ఏడాది తొమ్మిదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు కొత్త పాఠం పెట్టారు. ఫోన్లో, టీవీలో, పేపర్లో వచ్చేదాంట్లో ఏది నిజం, ఏది కాదు, ఎట్లా తేల్చుకోవాలి అన్నది. దాన్ని చెప్పే భాగ్యం నాకు దక్కింది. నన్నే ఎందుకు ఎంచుకున్నారని మా హెచ్.ఎం. తనూజ మేడాన్ని అడిగాను. "బడి మొత్తంలో ఫోన్ అందరికంటే ఎక్కువ చూసేది మీరే కద సార్" అంది. పొగడ్త అనుకుని థాంక్స్ చెప్పాను. ఇంటికొచ్చాక అర్థమైంది.

భూపాలపల్లిలో మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి రోజే ఒకాయన తెర మీద ఐదు మెసేజీలు చూపించి, ఇవన్నీ పచ్చి అబద్ధాలు అన్నాడు. అందులో నాలుగు నేను స్వయంగా పదిమందికి పంపినవే. ఐదోది ఇంకా నాకు చేరలేదు.

మొన్న మొదటి క్లాసు. గంభీరంగా నిలబడి, "ఏదీ చూడకుండా నమ్మొద్దు" అన్నాను. వర్ష అనే పిల్ల లేచింది. మా బడిలో పన్నెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండే సత్తెమ్మ మనవరాలు. తల్లీతండ్రీ సూరత్‌లో పనిచేస్తారు, ఈ పిల్ల అవ్వ దగ్గరే ఉంటుంది.

"సార్, ఆకాశంల రెండు చంద్రుళ్లు కనవడ్తరని మీరు బడి గ్రూపుల పెట్టిన్రు గదా. మా అవ్వ, నేను మాపటీలి గుట్టెక్కి చూసినం. ఒక్కటే ఉండె. రెండోది ఎటు దిక్కు సార్?"

ముప్పై ఒక్కమంది పిల్లలు నా జవాబు కోసం ఎదురుచూశారు. మబ్బు పట్టి ఉంటుందన్నాను.

అక్కా, ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన దానివి. నాకు తెలియని పాఠం ఎట్లా చెప్పాలో రాయి.

నీ తమ్ముడు
కరుణాకర్


జనగామ,
జులై 14

తమ్ముడు కరుణాకర్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ఏడు అక్షరదోషాలున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం జతచేశాను. యాభై మూడేళ్లవాడివి, "సంతోషం"లో శకారం ఎట్లా వస్తుంది?

నేను బాగానే ఉన్నాను. చలికాలంలో బాత్రూంలో కాలు జారి పడ్డాను గదా, ఆ నడుంనొప్పి తగ్గింది. చిల్పూరు గుట్టకు మొన్న మెట్ల దారినే పోయి వచ్చాను. పైకి పోవడానికి గంటన్నర పట్టిందనీ, నన్ను దాటిపోయిన ఒక ముసలాయన తిరుగు ప్రయాణంలో నేను ఎక్కుతుండగానే మళ్లీ కలిశాడనీ ఎవరికీ చెప్పకు.

తెలియని పాఠం ఎట్లా చెప్పాలని అడిగావు. నేను ఛందస్సు పదకొండేళ్లు అట్లాగే చెప్పాను. పిల్లల కంటే ఒక్క పేజీ ముందుండాలి, అంతే. నువ్వు ఒక పేజీ వెనకున్నావు కాబట్టి వాళ్లనే ముందు నడవనీ.

నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాసిపెట్టు. పుస్తకం భాష వద్దు, ఇంట్లో మాట్లాడినట్టే రాయి. ఎవరు చెప్పిన్రు? వాళ్లకెట్ల ఎర్కయ్యింది? నేను ఇంకొకలకు చెప్తే ఎవలకు నష్టం? మూడోది మరిచిపోకు. మొదటి రెండూ తెలివికి సంబంధించినవి. మూడోదానికి తెలివితో పని లేదు, కాస్త ఆగితే చాలు.

చంద్రుడి సంగతి ఆ పిల్లకు చెప్పావా, లేదా? మబ్బు అన్నావట. వెళ్లి నిజం చెప్పు.

అక్క
లీలావతి


ఘనపూర్,
ఆగస్టు 17

లీలక్కా,

నీ మూడు ప్రశ్నలు పనిచేస్తున్నాయి. చంద్రుడి సంగతి కూడా చెప్పాను. "నేను చూడకుండా పంపిన, తప్పయింది" అంటే వర్ష, "ఏంగాదు సార్, గుట్ట మీద గాలి మంచిగొచ్చింది" అంది.

క్లాసులో ఒక ఆట పెట్టాను. మొదటి బెంచీలో ఒకడి చెవిలో "రేపు రెండో పీరియడ్ తర్వాత గ్రౌండు ఊడవాలె" అని చెప్పాను. చెవి నుంచి చెవికి పోయి చివరి బెంచీకి "రేపు రెండు పీరియడ్లే, తర్వాత సెలవు" అని చేరింది. నేను ఆట ఉద్దేశం వివరించాను. అయినా మర్నాడు ఆరుగురు రెండో పీరియడ్ తర్వాత ఇంటికి పోయారు.

పోయిన వారం అసలు పరీక్ష ఎదురైంది. మన పత్తి చేన్లలో పులి తిరుగుతోందని ఫొటో ఒకటి ఊరంతా తిరిగింది. రెండు రోజులు ఎవరూ కలుపుకు పోలేదు. నా క్లాసులో రెడ్యా అని ఒక పిల్లవాడున్నాడు. కొత్తగూడ అడవి అంచున వాళ్ల తండా. ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. ఫొటో ఒక్కసారి చూసి, "సార్, పులి సంగతి నాకెర్కలేదు. గీ చెట్లు మాత్రం మన దిక్కుయి గావు" అన్నాడు. నేను పులినే చూస్తున్నాను, వాడు చెట్లు చూశాడు. కంప్యూటర్లో ఆ ఫొటో వేసి వెతికితే, మూడేళ్ల కిందట ఎక్కడో వేరే రాష్ట్రంలో తీసిందని తేలింది. పిల్లలు పెద్ద అట్ట మీద "పులి రాలేదు, కలుపుకు పోండి" అని రాసి బడి గేటుకు కట్టారు. జనం పోయారు.

పంద్రాగస్టు నాడు ఊరివాళ్లు నాకు శాలువా కప్పారు. చెట్లు చూసింది రెడ్యా, అట్ట రాసింది వర్ష, శాలువా నాకు. ఊళ్లో ఇప్పుడు నా పేరు "నిజం సార్". కిరాణా కొట్టాయన కూడా, "నిజం సార్ వచ్చిండు, తక్కెడ సక్కగ పెట్టు" అంటున్నాడు. శాలువాతో ఫొటో దిగి అన్ని గ్రూపుల్లో పెట్టాను. నువ్వు చూడలేవు కాబట్టి ప్రింటు తీయించి పంపుతున్నాను. పొట్ట కనిపించకుండా చేతులు అక్కడ పెట్టుకున్నాను, నమస్కారం అనుకోకు.

నీ తమ్ముడు
కరుణాకర్


ఘనపూర్,
సెప్టెంబరు 10

లీలక్కా,

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. మొన్న సోమవారం బడిలో పెద్ద గొడవ అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక ఫొటో వచ్చింది. స్టీలు పళ్లెంలో సాంబారు, అందులో బల్లి. ఫొటో ఊరి గ్రూపులోకి చేరింది. మన బడిలోనే అన్న వార్త పాకింది. పదకొండు మంది పిల్లలకు కడుపునొప్పి వచ్చింది, నలుగురికి వాంతులయ్యాయి. ఆటోల్లో దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రానికి అందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చారు.

కానీ ఈలోపల తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. సత్తెమ్మను వంటగది నుంచి బయటికి లాగారు. "పిల్లల సంపుదామనుకున్నవా?" అని అరిచారు. పాపయ్య అనే రైతు, బడి కమిటీలో ఉంటాడు, కోపం పట్టలేక పొయ్యిని కాలితో తన్నాడు. గిన్నె బోర్లపడింది. సత్తెమ్మ ఒక్క మాటే అంది. "నా మనుమరాలు గుడ గదే తిన్నది." ఎవరూ వినలేదు.

విచారణ అయ్యేదాకా ఆమెను రావద్దన్నారు. తనూజ మేడం ఏడుస్తూ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. ఇప్పుడు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారు. తెచ్చుకోలేనివాళ్లు నీళ్లు తాగి ఆడుకుంటున్నారు. వర్ష రోజూ వస్తోంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు.

సమాజం ఎటు పోతోందో అర్థం కావడం లేదు అక్కా. చదువుకున్నవాళ్లలో కూడా బాధ్యత లేకుండా పోయింది. నా క్లాసు పిల్లలు ఆ ఫొటో ఎక్కడి నుంచి బయలుదేరిందో తేలుస్తామని హెచ్.ఎం. దగ్గర అనుమతి తీసుకున్నారు. మంచిదే. కానీ చిన్నపిల్లలు, ఇట్లాంటి వాటిలో తలదూర్చడం ఎంతవరకు సబబో అని ఆలోచిస్తున్నాను. నీ అభిప్రాయం రాయి.

కరుణాకర్


జనగామ,
సెప్టెంబరు 14

కరుణా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి అక్షరదోషం ఒక్కటీ లేదు. అదే నాకు భయం వేసింది. నువ్వు ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయవు.

ఫొటో వచ్చింది. గ్రూపులోకి చేరింది. వార్త పాకింది. గొడవ అయింది. ఫొటోకు కాళ్లున్నాయా తమ్మీ? మొదటి పేరాలో ఒక్క మనిషి కూడా కర్తగా లేడు. ఆరో తరగతి పిల్లవాడు ఇట్లా రాస్తే, "పని జరిగింది సరే, చేసిందెవరు?" అని అంచున రాసి తిప్పి పంపేదాన్ని. పొయ్యి తన్నినచోట మాత్రం పాపయ్య పేరు చక్కగా రాశావు. ఇతరుల తప్పుకు కర్త ఉన్నాడు.

మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ముందు వచ్చింది ఫొటోనా, కడుపునొప్పా? ఆ రోజు నువ్వు బడిలో ఏం తిన్నావు? ఆ ఫొటో నీకు ఎవరు పంపారు, నువ్వు ఎవరికి పంపావు?

చివరిదానికి జవాబు లేకపోతే ఉత్తరం రాయకు.

అక్క


ఘనపూర్,
సెప్టెంబరు 18

అక్కా,

నేనే పంపాను.

మహబూబాబాద్‌లో ఉండే యుగేందర్ నీకు తెలుసు, నాతో చదువుకున్నవాడు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు నిమిషాలకు వాడు ఆ ఫొటో పంపాడు. కింద "ఏదో బడిల అంట, చూడు ఘోరం" అని రాశాడు. నేను పాపయ్యకు పంపాను. పంపేటప్పుడు ఒక మాట చేర్చాను: "మన దిక్కే అంట, జర చూసుకో." ఎందుకు చేర్చానో చెప్పనా? "ఏదో బడిల" అంటే ఎవరూ పట్టించుకోరు. అందరికంటే ముందు నాకే తెలిసినట్టు ఉండాలి. శాలువా కప్పించుకున్నవాణ్ణి కదా. పాపయ్యకు ఆ మాట చాలు. "మన బడిలనే" అని తన గొంతు రికార్డు చేసి, ఫొటోతో పాటు ఊరి గ్రూపులో పెట్టాడు. అప్పుడు టైము ఒంటిగంటా పన్నెండు. మొదటి పిల్లవాడికి కడుపునొప్పి వచ్చింది ఒంటిగంటా నలభైకి. అంటే, ఫొటో చూశాకే పిల్లల కడుపులు నొచ్చాయి. దవాఖాన డాక్టరమ్మ కూడా, "వీళ్లు భయానికే కక్కిన్రు" అంది.

ఇంకా ఘోరం వింటావా? ఆ రోజు సత్తెమ్మ వండింది పప్పు. సాంబారు కాదు. నాకు ఎట్లా తెలుసంటే, ఆ ఫొటో పంపేటప్పుడు నా ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో సత్తెమ్మ వండిన పప్పన్నం. నమలుతూనే పంపాను. మా బడిలో గుండ్రటి పళ్లేలు, ఫొటోలో గడుల పళ్లెం. రెడ్యా చెట్లు చూశాడు, నేను నా చేతిలో ఉన్న పళ్లెం కూడా చూడలేదు.

జనం వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను. కిటికీలోంచి అంతా కనిపించింది. తిన్నది పప్పని పిల్లలు అంటున్నా ఆ గోలలో ఎవరికీ వినిపించడం లేదు. నేను బయటికి పోయి "పప్పే వండింది" అంటే చాలు. అప్పుడు అడుగుతారు గదా, ఫొటో మొదట ఎవరికి వచ్చిందని. పోలేదు. మర్నాడు పాపయ్యకు ఫోన్ చేసి నా పేరు బయటికి తేవద్దని బతిమాలాను. "నిజం సార్‌వి, నీ ఇజ్జత్ పోతే బడి ఇజ్జత్ పోతది, నేను జెప్ప" అన్నాడు. మంచివాడు. అంత మంచివాడితో నా కోసం అబద్ధం ఆడిస్తున్నాను.

పిల్లలు నోటుబుక్కులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నీకెవరు పంపిన్రు, ఎన్ని గంటలకు అని రాసుకొస్తున్నారు. క్లాసు గోడ మీద చీటీలు అతికిస్తున్నారు. నిన్నటికి ఒంటిగంటా ఇరవై దాకా వచ్చారు. ఈ పద్ధతి నేర్పింది నేనే. బాగా నేర్చుకున్నారని ఏడ్వాలో నవ్వాలో తెలియడం లేదు.

నిన్న మోకాలి నొప్పి అని పదిహేను రోజుల సెలవు చీటీ రాశాను. సంధ్య చదివి "ఏ కాలు?" అంది. కుడికాలు చూపించి, ఎడమకాలితో కుంటుకుంటూ లోపలికి పోయాను. "నాకు జెప్పకున్న మంచిదే, మీ అక్కకన్న జెప్పు" అని చీటీ చింపేసింది.

చెప్పాను. ఏం చేయమంటావు?

కరుణాకర్


జనగామ,
సెప్టెంబరు 22

కరుణా,

ఏం చేయాలో నీకు తెలుసు. అయినా అడిగావు కాబట్టి, చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పెద్దదాన్ని, ఇది చెప్పకుండా నీకు నీతులు రాయడం సిగ్గుగా ఉంది.

చలికాలంలో నాకు కాలు జారలేదు. కళ్లు తిరిగి పడ్డాను. నువ్వు డిసెంబరులో ఒక మెసేజీ పంపావు. మునగాకు కషాయం ఇరవై ఒక్క రోజులు తాగితే బీపీ గోళీలు జన్మలో అక్కరలేదని. నేను తాగాను, గోళీలు మానేశాను. పందొమ్మిదో రోజు పడ్డాను. తల పగిలి రక్తం పోతుంటే పక్కింటివాళ్లు దవాఖానకు తీసుకుపోయారు. ఆరు రోజులున్నాను. నువ్వు వచ్చినప్పుడు తల మీద కొంగు కప్పుకున్నాను, కుట్లు కనిపించకుండా. చలి అన్నాను. నువ్వు నమ్మావు. నీకు ఏది చెప్పినా నమ్ముతావు, అదీ బాధే.

నిన్ను ఫోన్లోంచి తీసేసింది శుభోదయాలకు కాదు. మళ్లీ ఏదైనా పంపితే మళ్లీ నమ్ముతానని భయం వేసి తీసేశాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, నీకు బాధ కలుగుతుందని కాదు. అంత మంచితనం నాలో లేదు. జనగామలో సగం మందికి చదువు చెప్పిన లీలావతి టీచరు ఆకుల కషాయం నమ్మి గోళీలు మానేసిందని తెలిస్తే నా పరువేం కావాలి? ఆ మెసేజీలో నాలుగు అక్షరదోషాలున్నాయి. నాలుగూ దిద్దుకుని మరీ నమ్మాను.

నువ్వు కిటికీ వెనక నిలబడ్డావు. నేను కొంగు వెనక నిలబడ్డాను. పెద్ద తేడా లేదు. తేడా ఒక్కటే. నా అబద్ధానికి నా తలే పగిలింది. నీ దానికి సత్తెమ్మ అన్నం పోయింది.

పిల్లలు నీ దగ్గరికి చేరకముందే నువ్వే వాళ్ల దగ్గరికి పో. ఆ ఫొటో పంపింది నేనే అని చెప్పు. మొదటి మాట "నేను" కావాలి.

ఇప్పుడు గోళీలు రోజూ వేసుకుంటున్నాను. దిగులుపడకు.

అక్క


ఘనపూర్,
నవంబరు 2

అక్కా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. నీ తల మీది కుట్లు తలుచుకుంటే ఏం రాయాలో తోచలేదు. తప్పయిందని రాస్తే చాలా చిన్నమాట. అంతకంటే పెద్దమాట నాకు రాదు. ఆ ఆదివారం నీ దగ్గరికి వచ్చి ఏమీ మాట్లాడకుండా మూడుసార్లు చాయ్ తాగిపోయానే, అది అందుకే.

ఇక్కడ జరిగింది చెప్తాను.

ఆ గురువారం క్లాసుకు పోయాను. పెద్ద ఉపన్యాసం రాసుకున్నాను, రెండు పేజీలు, మధ్యలో ఒకచోట గొంతు వణకాలని కూడా గుర్తు పెట్టుకున్నాను. లోపలికి పోయి గోడ వైపు చూశాను. చీటీలన్నీ చెట్టు కొమ్మల్లా ఉన్నాయి. అన్నిటికంటే పైన పాపయ్య పేరు, ఒంటిగంటా పన్నెండు. దానికీ పైన ఒక ఖాళీ చీటీ. ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. పెన్ను తీసి ఆ చీటీ మీద నా పేరు రాశాను. పక్కన టైము వేశాను. "నేను పంపిన. మన దిక్కే అని అబద్ధం కలిపింది గుడ నేనే. ఆ దినం పప్పు తిన్న నోటితోనే సప్పుడు చేయకుంట కూసున్న" అన్నాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. వర్ష లేచింది.

"మాకు ఎర్కే సార్. సోమవారమే ఎర్కయ్యింది."

"పాపయ్య చెప్పిండా?"

"చెప్పలే. మేం ఊరోళ్ల పేర్లన్ని ఒక్కొక్కటి సదివినం. అందరి పేర్లకు 'కాదు' అన్నడు. మీ పేరు కాడ కిందికి చూసిండు."

"మరి చీటీ ఖాళీగ ఎందుకు పెట్టిన్రు?"

రెడ్యా చెప్పాడు. "మీరే రాస్తరేమో చూద్దామని వర్ష అన్నది సార్. శుక్రవారం దాంక చూసి మేమే రాద్దామనుకున్నం."

ఒక్కరోజు తేడాతో తప్పించుకున్నాను అక్కా. అదేరోజు తనూజ మేడానికి రాసిచ్చాను. ఆమె మేడం కాబట్టి తిట్టలేదు, మెమో ఇచ్చింది. మెమోలో కర్త స్పష్టంగా ఉన్నాడు. విచారణకు వచ్చినవాళ్లకు పిల్లల గోడ చూపించాను. సత్తెమ్మ తప్పేమీ లేదని తేలింది. నాకు ఈ ఏడాది రావాల్సిన ఇంక్రిమెంటు ఆపారు.

విచారణ కంటే ముందే సత్తెమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో చింతపండు ఒలుస్తోంది. నేను మొత్తం చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"నా కాళ్లెందుకు సార్, నొప్పులు పుట్టి ఉన్నయి. ఒక మాట చెప్పు. నువ్వు ఫోన్ల పంపుడుకు ఎంతసేపు పట్టింది?"

"నిమిషం గుడ పట్టలే."

"నేను పన్నెండేండ్లు వండిన" అని మళ్లీ చింతపండు ఒలిచింది. ఒక గింజ తీసింది, ఇంకొకటి తీసింది. నేను నిలబడే ఉన్నాను. "ఇప్పుడు ఏం చేస్తవు? తప్పయిందని మళ్ల ఫోన్ల పెడ్తవు. అందరు ఓ దండం బొమ్మ పెడ్తరు. అయిపాయె. నాకది వద్దు. ఇల్లిల్లు తిరుగు. నోటితోని చెప్పు. నన్ను తిట్టినోళ్లు నీ మొఖం చూసుకుంట ఇనాలె."

తిరిగాను. రెండు వందల నలభై ఇళ్లు. బడి అయ్యాక రోజుకు ఇరవై, పద్నాలుగు రోజులు పట్టింది, ఇంట్లో లేనివాళ్ల కోసం రెండోసారి పోవాల్సి వచ్చింది. కొన్ని ఇళ్లలో చాయ్ ఇచ్చారు. ఒకచోట కుక్క ప్యాంటు చింపింది. ఒకాయన పూర్తిగా విని, "బాగ చెప్పినవ్ సార్, గీ సంగతి మా బామ్మర్దికి గుడ పంపు" అన్నాడు. ఒకామె నా మీద జాలిపడి, "నువ్వు మంచోనివి సార్, ఎవలో బెదిరిచ్చి గిట్ల చెప్పిస్తున్నరు" అంది. ఎంత చెప్పినా నేనే పంపానని నమ్మలేదు. పన్నెండేళ్లుగా వండిపెట్టిన సత్తెమ్మ తప్పు చేసిందంటే ఒక్క ఫొటోకే నమ్మిన మనిషి, నా తప్పు నేనే చెప్తుంటే నమ్మలేదు. నా చొక్కా, కళ్లద్దాలు, ఉద్యోగం, అన్నీ నా పక్షాన సాక్ష్యం చెప్తున్నాయి. సత్తెమ్మకు అవేవీ లేవు.

నిజం సార్ అనే పేరు పోయింది. ఇప్పుడు "బల్లి సార్" అంటున్నారు. పలుకుతున్నాను.

పాపయ్య ఇంటికి చివర్లో పోయాను. నేను మొదలుపెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీది నువ్వు చెప్పుకుంటున్నవ్. పొయ్యి తన్నింది నేను గదా. నాది ఎవలు చెప్తరు?" అన్నాడు. మర్నాడు గంపెడు మన్ను మోసుకుని బడి వంటగదికి వచ్చి పొయ్యికి మెత్తడం మొదలుపెట్టాడు. పొయ్యి వంకరగా వచ్చింది. సత్తెమ్మ గడప దగ్గర నిలబడి చూస్తూ, "ఎడమకు జరుపు. ఇంక జర. గట్ల గాదు" అని రెండుసార్లు కూలగొట్టించింది. మూడోసారి తానే కూర్చుని మెత్తింది. ఆయన మన్ను అందించాడు. ఇద్దరూ సారీలు చెప్పుకోలేదు. నాకు మాత్రం ఎన్ని ఇళ్లు తిరిగానో గుర్తొచ్చింది.

పోయిన సోమవారం మళ్లీ వంట మొదలైంది. నూట పన్నెండు మందిలో మొదటి రోజు వరుసలో నిలబడింది పద్నాలుగు మంది. మిగతావాళ్లు డబ్బాలు విప్పుకున్నారు. సత్తెమ్మ మాత్రం నూట పన్నెండు మందికీ వండింది. మిగిలింది చూసి మూత పెట్టింది. మంగళవారం ముప్పై మంది. శుక్రవారానికి డెబ్భై ఆరు. మిగతావాళ్లను ఎవరూ రమ్మని పిలవడం లేదు. చూస్తున్నారు, వాళ్లకు నమ్మకం కలిగినప్పుడు వస్తారు. ఈ మాట నేను క్లాసులో చెప్పలేదు, పిల్లలే చెప్పుకుంటున్నారు.

ఆ మొదటి రోజు పద్నాలుగు మంది వెనక పదిహేనోవాడిగా నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి సత్తెమ్మ గంటె ఎత్తి ఆగింది. నా వైపు చూడలేదు.

"సూసుకొని తిను సార్" అంది.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. వర్ష కూడా. నెలన్నర తర్వాత ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను.

చూసుకునే తిన్నాను అక్కా. వంకాయ కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను.

నీ తమ్ముడు
కరుణాకర్